తల ఊపిన సాక్షి

కొండ మీది ఇంటి నుంచి,
వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం

మా మిరపకాయకు వదిన ఆశీస్సులు.

నేను ఉత్తరం రాయడమేమిటని కంగారు పడకు. ఇక్కడ అందరూ క్షేమం. పెన్ను పట్టుకోవడానికి కారణం ఒకటే, ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. ఈ ఇల్లు రెండు గదులు, మీ అన్నయ్యవి పాము చెవులు. నేను దేవుడికి మనసులో చెప్పుకున్నది కూడా పక్క గదిలోంచి “ఏమిటీ?” అంటారు. పైగా గాలివాన వచ్చిన దగ్గర్నుంచి ఫోనులో సగం మాటలు గాలికి పోతున్నాయి. పోయిన మాటల స్థానంలో నువ్వేం కలుపుకుంటావో నాకు తెలుసు. హైస్కూలు పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వుకో, నీ దుకాణంలో పైకి చదవకు.

మీ అన్నయ్య బస్సు డిపోలో కంట్రోలరుగా రిటైరై, పక్షుల కోసమని నన్ను ఈ రిజర్వాయరు పక్కకు తీసుకొచ్చి ఏడాది దాటింది కదా. డిపో అలవాటు ఇంకా పోలేదు. పొద్దున్నే కిటికీ దగ్గర దుర్భిణి పట్టుకుని కూర్చుని “ఆ బాతుల గుంపు ఇవాళ లేటు” అంటారు. వాటికి మెమో ఇవ్వడం ఒక్కటే తక్కువ.

ఇక్కడ పక్షులు చూసేవాళ్ళకు ఒక సంఘం ఉంది. అధ్యక్షుడు రిటైరైన జడ్జిగారు. కోర్టు ఆయన్ని వదిలింది గానీ ఆయన కోర్టును వదల్లేదు. సంఘానికి ఆయన పెట్టిన రూలు ఇది: అరుదైన పక్షిని ఒక్కరే చూస్తే చెల్లదు. పక్కన ఇంకొకరు చూసి ఉండాలి. వాళ్ళు నెలాఖరు సమావేశంలో లేచి నిలబడి “నేనూ చూశాను” అనాలి. అప్పుడు ఒడ్డున ఉన్న చెక్క గదిలో, గోడకు వేలాడే బోర్డు మీద మొదట చూసినవారి పేరు తెల్ల రంగుతో రాస్తారు. ఆ బోర్డు మీద పై నుంచి కింది దాకా జడ్జిగారి పేరే. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికన్నట్టు అక్కడక్కడా పళ్ళ డాక్టరు పేరు. జడ్జిగారికి పళ్ళ డాక్టరు సాక్షి, పళ్ళ డాక్టరుకు జడ్జిగారు సాక్షి. మీ అన్నయ్యకు ఆ గదిలో పేరే లేదు. “డిపోగారూ, కాస్త పక్కకు జరగండి” అంటారు జడ్జిగారు. ఈయన నవ్వి జరుగుతారు. ఇంటికొచ్చాక ఆ పూట అన్నం సరిగ్గా తినరు.

ఇక అసలు సంగతి. గాలివాన వస్తే సముద్రం మీద తిరిగే పక్షులు దారి తప్పి ఈ కొండల్లోని నీళ్ళ మీదికి కొట్టుకొస్తాయట. అందుకని లోకమంతా తలుపులు వేసుకునే రోజున వీళ్ళు తలుపులు తీసుకుని బయల్దేరతారు. మొన్నటి గాలికి ఈయనా బయల్దేరారు. మనిషి గాలికి కొట్టుకుపోతే వెనక నుంచి పట్టుకోవడానికి ఒకరుండాలి కదా, ఫ్లాస్కులో టీ పోసుకుని నేనూ వెళ్ళాను. చెక్క గదిలో మేమిద్దరమే. ఆయన సన్నటి కిటికీకి కళ్ళు అతికించారు. నేను బెంచీ మీద కూర్చుని పూసల దండ తీసి జపం మొదలుపెట్టాను. నాకు ఉరుములంటే ఎంత భయమో నీకు తెలుసు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

కాసేపటికి ఆయన గొంతు వినిపించింది. “అదుగో. చూడు, చూడు. ఎంతేసి రెక్కలో చూడు. తోక కత్తెరలా చీలింది చూశావా? రొమ్ము మీద ఆ తెలుపు చూశావా?”

నేను తల ఊపాను.

జపం మధ్యలో నేను నోరు విప్పను, కళ్ళు తెరవను. ఇక ఆయన ఏమన్నా తల ఊపడం పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉన్నదే. కూరలో ఉప్పు తగ్గిందన్నా ఊపుతాను, భూమి గుండ్రంగా ఉందన్నా ఊపుతాను. ఊపకపోతే అదే సంగతి మళ్ళీ మొదటి నుంచి చెబుతారు. దండ పూర్తయ్యి కళ్ళు తెరిచేసరికి నీళ్ళూ వానా తప్ప ఏమీ లేవు. మీ అన్నయ్య మాత్రం గది మధ్యలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. మా పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను.

అది సముద్రం వదిలి రాని పెద్ద నల్ల పక్షట. జడ్జిగారు దాని కోసం ఇక్కడ ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నారట. బయటికొచ్చి చూస్తే, మేకుకు తగిలించిన గొడుగు గాలికి పోయింది. అదే, మా అత్తగారి నల్ల గొడుగు, పోగొట్టుకోకుండా పిడికి ఎర్రదారం కట్టి వాడుకుంటున్నది. తడుస్తూ ఇంటికొచ్చాం. ఆయనకు తడిసినట్టే తెలియలేదు.

వచ్చీ రాగానే జడ్జిగారికి ఫోను. “మా ఆవిడ కూడా చూసిందండీ.” అవతలి గొంతు నాకూ వినిపించింది. “మీ మాటకేం గానీ డిపోగారూ, ఆవిడ చెబితే ఇక తిరుగు లేదు. ఆవిడ అబద్ధమాడదు.” పళ్ళ డాక్టరు భార్య కొత్తగా జుట్టు కత్తిరించుకుని ఎలా ఉందని అడిగితే నేను ఉన్నది చెప్పాను. అప్పటి నుంచి నాకీ పేరు వచ్చింది.

అప్పుడే చెప్పేద్దామని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన గోడ మీద వేళ్ళతో కొలుస్తున్నారు, తన పేరు బోర్డు మీద ఎంత పొడుగు వస్తుందోనని. వెనక్కి వచ్చేశాను.

నెలాఖరున నేను లేచి నిలబడాలి. ఏమనాలో చెప్పు. నా దేవుడికీ మీ అన్నయ్యకూ మధ్య ఇంతవరకూ పేచీ రాలేదు.

మీ వదిన


కళ్ళజోళ్ళ దుకాణం నుంచి,
బేరాల్లేని పూట

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి చెల్లెలిగా, ఒకసారి కళ్ళజోళ్ళు అమ్మేదానిగా. రెండోసారి ఎక్కువ భయమేసింది.

మా అన్నయ్య చూపు సంగతి నీకు తెలియదు. చిన్నప్పుడు ఒకరోజు పెరట్లో బావిలో మొసలిని చూశానని కేకలు పెడుతూ వచ్చాడు. వీధి వీధంతా కర్రలు పట్టుకుని దిగింది. నాన్న చేద వేసి తోడితే వాడి చెప్పే వచ్చింది. అప్పుడు వాడికి సాక్షిని నేనే. మొసలి నోరు తెరవడం కూడా చూశానని చెప్పాను. వీపు మీద దెబ్బలు చెరి సగం పంచుకున్నాం. కాబట్టి ఆ ఉద్యోగం ఇప్పుడు నీకొచ్చిందన్నమాట. సంతోషం.

ఇందులో ఇంత బెంగ దేనికి? లేచి నిలబడు. “మా వారు చూసి చెప్పారు, నేను తల ఊపాను” అను. కూర్చో. ఇందులో అబద్ధం ఎక్కడుంది? జడ్జిగారు జీవితమంతా ఇంతకంటే పలచటి సాక్ష్యాల మీద జనాన్ని లోపలికి పంపి ఉంటాడు. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే దగ్గు. నీ దగ్గంటే అందరికీ జాలి.

ఒక్కటి మాత్రం ఊరుకోను. మా అమ్మ గొడుగు పోయిందని ఒక్క ముక్కలో రాసి పారేశావు. ఆ గొడుగు వానకంటే నా మీదే ఎక్కువసార్లు విరుచుకుపడింది. దాని బరువెంతో నాకు తెలుసు. వెతికించు.

మిరపకాయ


కొండ మీది ఇంటి నుంచి,
మబ్బు పట్టిన ఉదయం

మిరపకాయకు,

వెతికించమన్నావు. వెతకకుండానే వచ్చింది. రాకపోయినా బాగుండేది.

రిజర్వాయరు గేటు దగ్గర నీళ్ళలో కొట్టుకొచ్చిన చెత్త తీసే అతను నిన్న తెచ్చి వరండాలో పెట్టాడు. “ఎర్రదారం చూసి మీదేననుకున్నానమ్మా” అన్నాడు. మీ అన్నయ్య పాలకు వెళ్ళారు. ఆరబెడదామని విప్పి పైకెత్తి పట్టుకున్నాను. వెనక గుడ్డ రెండుగా చీలిపోయి ఉంది. రెండు ఊచలు అటొకటి ఇటొకటి వేలాడుతున్నాయి. గాలి కొట్టేసరికి రెండు పక్కలా రెక్కల్లా లేచింది. ముందు వంకర పిడి. నల్లగా, పొడుగ్గా, చీలిన తోకతో నా చేతిలో ఎగరడానికి సిద్ధంగా ఉంది.

దీన్నేనా మీ అన్నయ్య చూసింది అనుకున్నాను. ఆ తర్వాత నవ్వొచ్చింది. నేను నవ్వానని దేవుడికి కూడా తెలియకూడదని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. మీ బావిలో మొసలి గుర్తొచ్చి ఇంకా వచ్చింది. తీసుకెళ్ళి మంచం కింద తోసేశాను.

అంతటితో అయిపోలేదు. సాయంత్రం జడ్జిగారు ఇంటికొచ్చారు. మా ఇంటికి ఆయన రావడం అదే మొదటిసారి. కుర్చీ తుడిచి మరీ కూర్చున్నారు, మేము తుడిచాక.

“డిపోగారూ, మీరు చూసింది నిజమే. అందులో సందేహం లేదు” అన్నారు.

మీ అన్నయ్య ముఖం విచ్చుకుంది. “చాలా సంతోషమండీ.”

“ఎందుకు లేదంటే, మీకంటే ముందే నేను చూశాను. ఆనకట్ట అవతలి కొస నుంచి, కారులో కూర్చుని. సమావేశంలో అందరి ముందూ తెలిస్తే మీరు చిన్నబుచ్చుకుంటారని, ముందుగా చెప్పడం మర్యాదని వచ్చాను.”

మీ అన్నయ్య కుర్చీ ముందుకు జరిపారు. “ఎలా ఉందండీ?”

“వంకర ముక్కు. చీలిన తోక. ఒంటి నిండా నలుపు. ముక్కు మొదట్లో కాస్త ఎరుపు.”

“ఎరుపు నేను చూడలేదే.”

“దుర్భిణి మంచిదైతే కనిపిస్తుంది.”

టీ కప్పు అందిస్తున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ ఎర్రదారం నేను నా చేత్తో కట్టింది. మరి సాక్షి ఎవరండీ అని మీ అన్నయ్య అడిగితే, కారులో పళ్ళ డాక్టరు కూడా ఉన్నాడన్నారు. ఆ గాలిలో ఆ వేళకు పళ్ళ డాక్టరు మా పక్కింటావిడ దవడపన్ను పీకుతున్నాడు. ఆ సంగతి ఆవిడే మర్నాడు దవడ పట్టుకుని నాతో చెప్పింది. చక్కెర సరిపోయిందాండీ అని మాత్రం అడిగాను.

ఆయన వెళ్ళిపోయాక మీ అన్నయ్య చాలాసేపు తన దుర్భిణిని తుడుచుకుంటూ కూర్చున్నారు. తుడిచి, చూసి, మళ్ళీ తుడిచి. “ఇప్పుడు నీ మాట ఒక్కటే ఉంది” అన్నారు నాతో.

ఆ మంచం మీదే పడుకుంటున్నాం. కింద గొడుగు. నాకు నిద్ర పట్టడం లేదు.

మీ వదిన


కళ్ళజోళ్ళ దుకాణం నుంచి,
షట్టరు దించాక

వదినా,

నవ్వి నవ్వి ఒకాయనకు దగ్గరి చూపు అద్దాలకు బదులు దూరపు చూపువి ఇచ్చి పంపాను. మళ్ళీ వచ్చాడు, తిట్టాడు, అప్పుడూ నవ్వాను.

షట్టరు దించాక నవ్వు ఆగిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను, ఇందులో వేళాకోళం లేదు.

అన్నయ్యను ఏడిపించే హక్కు నాది. అది ఇంకెవరికీ రాసివ్వలేదు. నువ్వు డిపోలో వాడి గది చూశావో లేదో. వాడి కుర్చీ వెనక బోర్డు మీద ‘కంట్రోలర్’ అని ఉండేది. వాడి ముందున్నవాడికీ అదే బోర్డు, వాడి తర్వాతవాడికీ అదే. రిటైరైన రోజున దండ వేసి, మైకులో వాడి పేరు తప్పు చదివారు. వాడు సరిదిద్దలేదు, నవ్వి దిగిపోయాడు. ఒక్కసారి ఎక్కడైనా తెల్ల రంగుతో తన పేరు చూసుకోవాలనుకుంటే అది అంత పెద్ద నేరమా?

ఆ గొడుగు పొయ్యిలో పెట్టు. అమ్మ ఏమీ అనుకోదు, అనుకుంటే నేను సముదాయించుకుంటాను. లేచి నిలబడి “చూశాను” అను. ఒకే ఒక్క మాట. ఇన్నేళ్ళుగా నువ్వు చేసిన జపంలోంచి ఆ ఒక్క మాట తీసేసుకోమని దేవుడికి చెప్పు. మీ ఇంట్లోనే ఉంటాడుగా, పరిస్థితి చూస్తూనే ఉన్నాడు.

జడ్జిగారి ఎర్రముక్కు పక్షి ఎలాగూ అబద్ధం. రెండు అబద్ధాల్లో మనది కాస్త మర్యాదైనది.

నీ మరదలు


కొండ మీది ఇంటి నుంచి,
సమావేశం మర్నాడు

మిరపకాయకు,

నువ్వు చెప్పినట్టు చేయలేకపోయాను. ఏం జరిగిందో వరసగా చెబుతాను, చదివి తిట్టు.

చెక్క గదిలో అందరూ కూర్చున్నారు. బయట వాన దంచుతోంది. బోర్డు దించి బల్ల మీద పెట్టారు. పక్కన తెల్ల రంగు డబ్బా, చిన్న బ్రష్షు. మీ అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. తను చూసింది లేచి చెప్పారు. రెక్కలు, తోక, రొమ్ము మీద తెలుపు. చేతులతో గాలిలో గీసి మరీ చూపించారు. తర్వాత జడ్జిగారు తను చూసింది చెప్పారు. ఒంటి నిండా నలుపు, ముక్కు మొదట్లో ఎరుపు. “ఈయనా ఉన్నాడు” అని పళ్ళ డాక్టరు వైపు చూశారు. పళ్ళ డాక్టరు తల ఊపాడు. ఆ ఊపు నాకు బాగా తెలిసిన ఊపే.

“అమ్మా, ఇక మీరు” అన్నారు జడ్జిగారు. “మీరేం చూశారు?”

లేచాను. మీ అన్నయ్య నా వైపు చూడలేదు. ఆయనకు అంత నమ్మకం.

“నేను కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నానండీ. ఆయన చూశావా అంటే తల ఊపాను. కళ్ళు తెరిచి చూడలేదు” అన్నాను.

మీ అన్నయ్య నెమ్మదిగా కూర్చున్నారు. కుర్చీ వెనకాల చేత్తో తడుముకుని కూర్చున్నారు. అది నేను మరిచిపోలేను.

జడ్జిగారు మాత్రం చాలా సంతోషపడ్డారు. “చూశారా డిపోగారూ, మనిషంటే ఇలా ఉండాలి. నిజం చెప్పే ఇల్లాలు దొరకడం అదృష్టం. తెలుపు సంగతి, మీరు పొరబడ్డారు, ఆ పక్షికి తెలుపు ఉండదు. సరే, ముందు చూసింది నేనే కాబట్టి” అని పళ్ళ డాక్టరుకు సైగ చేశారు. ఆయన డబ్బా మూత తీశాడు.

నాకు అక్కడ ఇంక పని లేదనిపించింది. “పొయ్యి మీద పాలు పెట్టొచ్చానండీ, సెలవు” అన్నాను. తలుపు తీశాను. వాన లోపలికి కొట్టింది. సంచిలోంచి గొడుగు తీసి గుమ్మంలో విప్పాను.

గాలి దాన్ని ఒక్క ఊపున పైకి లేపింది. చీలిన గుడ్డ అటూ ఇటూ విచ్చుకుంది. వంకర పిడి, దాని మొదట్లో ఎర్రదారం. నేను వీపు తిప్పి ఉన్నాను కాబట్టి ఎవరి ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. వెనక బెంచీలో కూర్చున్న కాలేజీ అమ్మాయి ముందు కిసుక్కుమంది. తర్వాత ఇంకొకరు. బ్రష్షు డబ్బాలో పడ్డ చప్పుడు వినిపించింది.

“అమ్మా, ఆ గొడుగు ఎక్కడిది?” అన్నారు జడ్జిగారు. ఆ గొంతులో కోర్టు లేదు.

“మా అత్తగారిదండీ. గాలివాన రోజున నీళ్ళ మీదికి ఎగిరిపోయింది. గేటు దగ్గర చెత్తలో దొరికింది” అని వచ్చేశాను.

కావాలని చేశావా అని అడుగుతావు నువ్వు. వాన పడుతోంది, గొడుగు విప్పాను. దేవుడు అడిగినా ఇదే చెబుతాను. నమ్మడం నమ్మకపోవడం ఆయన ఇష్టం.

కొంచెం దూరం నడిచాక వెనక నుంచి మీ అన్నయ్య వచ్చి ఆ గొడుగు కిందికే చేరారు. చిరుగులోంచి ఇద్దరి మీదా సమానంగా కారుతోంది. అలాగే సగం దారి నడిచాం.

“ఇది అమ్మదే కదా” అన్నారు చివరికి.

“అవునండీ.”

“నాకు తెల్లగా కనిపించిందే” అన్నారు, నాతో కాదు, దారితో.

ఈసారి నేను తల ఊపలేదు.

మీ వదిన


కళ్ళజోళ్ళ దుకాణం నుంచి,
టీ తాగే వేళ

వదినా,

నిన్ను సాధువని అనుకున్న రోజులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నేను మిరపకాయనట. నువ్వు మూత పెట్టిన సీసాలోని మిరపపొడివి. రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజున నీ జడ్జిగారు నా దుకాణానికొచ్చాడు. కోపం సగం దిగింది.

కొండ దిగిన వాళ్ళకు అద్దాల దుకాణం ఇదేగా, నేనెవరో తెలియక వచ్చాడు. పక్కనున్నాయన “జడ్జిగారూ” అనగానే వీళ్ళెవరో నాకు అర్థమైంది, ఆయన పళ్ళ డాక్టరు. “అద్దాలు మార్చాలి. కంటికేం లేదు, అద్దాలే పాతబడ్డాయి” అన్నాడు. కూర్చోబెట్టి గోడ మీది అక్షరాలు చదవమన్నాను.

“పై వరస చదవండి.”

“పైది అందరికీ తెలిసిందే. అది వదిలేయండి.”

“రెండోది?”

కాసేపు కళ్ళు చిట్లించాడు. పక్కకు తిరిగి, “అది ‘మ’ కదండీ?” అన్నాడు. పళ్ళ డాక్టరు తల ఊపాడు. అక్కడున్నది ‘ప’. మంచి దళసరి అద్దాలు రాసిచ్చాను. ఇకనైనా గొడుగులు గొడుగుల్లా కనిపిస్తాయి.

సంఘం బోర్డు సంగతి కూడా వాళ్ళ మాటల్లో తెలిసింది. దాన్ని రంగు వేయించే నెపంతో లోపల పెట్టేశారట.

అంతా బాగానే ఉంది. కానీ నిన్న అన్నయ్యకు ఫోను చేశాను. అరగంట బస్సుల గురించి మాట్లాడాడు. టైర్ల ధరలు, కొత్త రూట్లు. పక్షుల మాట ఎత్తలేదు. “బాతులు టైముకొస్తున్నాయా?” అన్నాను. “చూడలేదు” అన్నాడు. వాడు నన్ను తిరిగి ఏడిపించకపోవడం నా జన్మలో ఇదే మొదలు. నాకది నచ్చలేదు వదినా.

నిజం చెప్పావు, బాగుంది. దాంతో ఇంట్లో ఏం మిగిలిందో కాస్త చూడు.

నీ మరదలు


కొండ మీది ఇంటి నుంచి,
గాలి నిమ్మళించిన సాయంత్రం

మా మిరపకాయకు,

నీ చివరి మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే రాశావు. నిజమే, దుర్భిణి పెట్టెలోకి వెళ్ళిపోయింది. మీ అన్నయ్య కిటికీకి వీపు పెట్టి పేపరు చదువుతున్నారు, చదివిన పేపరే.

నిన్న మళ్ళీ గాలివాన మొదలైంది. నేనే పెట్టె తీసి దుర్భిణి ఆయన ముందు పెట్టాను. “పదండి” అన్నాను.

“ఎందుకూ, ఇంకో గొడుగు చూడటానికా?”

“ఫ్లాస్కు నేనే మోస్తాను. పదండి.”

చెక్క గదిలో మళ్ళీ మేమిద్దరమే. జడ్జిగారు రావడం మానేశారు. ఈసారి పూసల దండ ఇంట్లోనే పెట్టి వచ్చాను, దేవుడికి చెప్పే వచ్చాను. ఉరుము ఉరిమినప్పుడల్లా బెంచీ అంచు పట్టుకున్నాను గానీ కళ్ళు మూయలేదు. ఆయన పరాగ్గా ఉన్నారు. తుంపర పడి అద్దాలు మసకేశాయని దుర్భిణి ఒళ్ళో పెట్టుకుని చొక్కా అంచుతో తుడుస్తున్నారు.

అప్పుడు వచ్చింది. గేటు వైపు నుంచి, వానలోంచి, రెక్క కదపకుండా. అంత పెద్ద రెక్కలు నేనెప్పుడూ చూడలేదు. కత్తెర తోక ఒకసారి విచ్చి ముడుచుకుంది. మా కిటికీ ముందు పక్కకు ఒరిగింది. రొమ్ము తెల్లగా ఉంది, ఉతికిన గుడ్డంత తెలుపు.

“ఏమండీ, అదుగో. చూశారా?” అన్నాను.

మీ అన్నయ్య అద్దం మీది మరక వైపు చూస్తూ తల ఊపారు.

నేను మళ్ళీ పిలిచేలోపు అది కొండ చాటుకు వెళ్ళిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. నా గొడుగులో తెలుపు ఎక్కడుంది? మీ అన్నయ్య మొదటి రోజు నుంచీ తెలుపనే చెబుతున్నారు. జడ్జిగారు చూసింది గొడుగు, ఎర్రదారంతో సహా. ఈయన చూసింది పక్షి. గొడుగు ఎగిరినంత మాత్రాన పక్షి రాలేదని నాకెవరు చెప్పారు? నేనే కళ్ళు మూసుకుని కూర్చున్నాను. అయినా నలుగురిలో గొడుగు విప్పి తీర్పు చెప్పి వచ్చాను. జడ్జిగారిని చూసి నవ్వాను గానీ, ఆయన కుర్చీలో నేనే కూర్చున్నాను.

ఇంటికొచ్చి తల తుడుచుకుంటుంటే చెప్పాను. “ఆ రోజు మీరు చూసింది పక్షేనండీ.”

“గొడుగని నువ్వే తేల్చావుగా.”

“గొడుగుకు తెలుపు లేదు. దీనికి ఉంది. ఇవాళ నేను చూశాను.”

“ఇవాళా? ఎప్పుడు?”

“మీరు తల ఊపినప్పుడు.”

తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. తర్వాత మెల్లగా భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతున్నారు. ఎంత నవ్వారంటే పక్కింటావిడ గోడ తట్టింది.

“సంఘంలో మళ్ళీ లేచి నిలబడతాను. నేను చెబితే నమ్ముతారు” అన్నాను.

“ఏమని నిలబడతావు? నేను చూసినప్పుడు నువ్వు చూడలేదు. నువ్వు చూసినప్పుడు నేను చూడలేదు. వాళ్ళ రూలు ప్రకారం అది రెండుసార్లూ రాలేదు.”

“మరి మీ పేరు?”

ఆయన తువ్వాలు పక్కన పెట్టారు. “తెలుపు ఎక్కడి దాకా ఉంది?” అని అడిగారు. నా గొంతు కింద నుంచి చెయ్యి పెట్టి ఇక్కడి దాకా అని చూపించాను. “అంతే. సరిగ్గా అంతే” అన్నారు. నేను చెయ్యి పెట్టినచోటే చాలాసేపు చూశారు.

“ఆ రోజు గొడుగు విప్పకుండా ఉండాల్సిందండీ” అన్నాను.

“వాన పడుతోంది కదా” అన్నారు.

ఇవాళ పొద్దున్నే కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. బాతులు లేటట. నీకు ఫోను చేస్తే ముందు నీ బావిలో మొసలి సంగతి ఎత్తుతారు, సిద్ధంగా ఉండు. మీ అమ్మ గొడుగుకు గుడ్డ కుట్టించాను. నల్ల గుడ్డే.

మొదటి దాని దగ్గర్నుంచి ఈ కాగితాలన్నీ నీ దగ్గర ఉంచు, పారేయకు. ఆ పక్షి ఇక్కడికి వచ్చిందని చెప్పే బోర్డు మాకు ఇదొక్కటే. కానీ ఎవరికీ చూపించకు. సంఘం వాళ్ళకు అసలే వద్దు. కొత్త అద్దాలు బిగుతుగా ఉన్నాయని జడ్జిగారు మళ్ళీ నీ దుకాణానికొచ్చి, అప్పటికి నువ్వెవరో తెలిసి, మీ వదిన ఏమైనా రాసిందా అని అడిగితే, ఏం చెబుతావో నీ ఇష్టం. తల మాత్రం ఊపకు.

మీ వదిన